కేయాస్ మ్యాప్ + గ్రే వుల్ఫ్‌తో ఇమేజ్ ఎన్‌క్రిప్షన్: ఎంట్రోపీ పెరిగితే భద్రత పెరిగినట్టేనా?

సాహితి_ఎంటెక్

అందరికీ నమస్కారం. నా ఎంటెక్ ప్రాజెక్ట్ ఇమేజ్ ఎన్‌క్రిప్షన్ మీద. పద్ధతి క్లుప్తంగా ఇది: 256×256 గ్రేస్కేల్ చిత్రం తీసుకుంటాను. ఒక లాజిస్టిక్ మ్యాప్ (ఒక విలువ నుంచి తర్వాతి విలువ ఇస్తూ, కేయాస్ అనే ఊహకందని వరుస పుట్టించే సూత్రం) నుంచి వచ్చే సంఖ్యల్ని వరుసలో పేర్చి, ఆ క్రమం ప్రకారం పిక్సెళ్ల స్థానాలు మారుస్తాను. రెండో లాజిస్టిక్ మ్యాప్ నుంచి 0–255 మధ్య విలువలు తీసి, పిక్సెళ్లతో ఎక్సార్ (బిట్‌కి బిట్ పోల్చి, వేరైతే 1, ఒకటే అయితే 0) చేస్తాను. మ్యాప్‌ల ఆరంభ విలువలూ పరామితులూ కలిపి నా కీ. ఆ కీని గ్రే వుల్ఫ్ ఆప్టిమైజర్ (తోడేళ్ల గుంపు వేటని అనుకరిస్తూ మంచి జవాబు వెతికే పద్ధతి) ఎంచుతుంది: 30 తోడేళ్లు, 100 ఆవృత్తులు. ఫిట్‌నెస్ ఫంక్షన్ (కీ ఎంత మంచిదో కొలిచే లెక్క) అంటే సంకేత చిత్రం (ఎన్‌క్రిప్ట్ అయ్యాక వచ్చేది) ఎంట్రోపీ (పిక్సెల్ విలువల యాదృచ్ఛికత కొలత, గరిష్ఠం 8) ఎక్కువ కావాలి, పక్కపక్క పిక్సెళ్ల మధ్య కోరిలేషన్ తక్కువ కావాలి.

ఆప్టిమైజర్ లేకుండా ఎంట్రోపీ 7.9971 వచ్చేది, ఇప్పుడు 7.9980. కోరిలేషన్ దాదాపు సున్నా. హిస్టోగ్రామ్ బల్లపరుపుగా ఉంది. చిత్రం చూస్తే పూర్తిగా ఇసుక చల్లినట్టే.

రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, కీ మార్చకుండా అసలు చిత్రంలో ఒక్క పిక్సెల్ మార్చి చూస్తే ఎన్‌పీసీఆర్ (సంకేత చిత్రంలో మారిన పిక్సెళ్ల శాతం) 0.0015 శాతమే వస్తోంది. నేను చదివిన పేపర్లన్నిటిలో 99.6 ఉంటుంది. రెండోది, "ఇందులో తోడేలు చేసే పనేంటి, అది లేకపోతే ఏం పోతుంది?" అని గైడ్ గారు అడిగారు. దానికి నిజమైన జవాబు కావాలి. వచ్చే రివ్యూ గురించి టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

క్రిప్టో_వాసు

సాహితి గారు, మొదటి ప్రశ్న తేలిక, దాని నుంచే మొదలుపెడదాం.

65,536 పిక్సెళ్లలో ఒకటి మారిస్తే సంకేత చిత్రంలోనూ ఒకటే మారుతోంది. 1 భాగించు 65,536 అంటే సరిగ్గా మీ 0.0015 శాతం. మీ పద్ధతిలో ఒక పిక్సెల్ ప్రభావం ఇంకో పిక్సెల్‌కి చేరే దారే లేదు. అది జరగాలంటే ప్రతి సంకేత పిక్సెల్‌ని లెక్కించేటప్పుడు అంతకుముందు వచ్చిన సంకేత పిక్సెల్ విలువనీ కలపాలి. అప్పుడు మార్పు గొలుసులా ముందుకు పోతుంది. ముందు నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి ముందుకు ఇంకోసారి చేస్తే చిత్రం మొత్తానికి పాకుతుంది. క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పేపర్‌లో కన్ఫ్యూజన్ (కీకీ సంకేతానికీ మధ్య సంబంధాన్ని మసకబార్చడం), డిఫ్యూజన్ (ఒక చోటి మార్పు అంతటా పాకడం) అని రెండు గుణాలు విడివిడిగా చెప్పాడు. మీ దగ్గర లేనిది డిఫ్యూజన్.

99.6 సంఖ్య సంగతి కూడా చూడండి. రెండు యాదృచ్ఛిక చిత్రాలు తీసుకుంటే ఒక స్థానంలో విలువలు వేరుగా ఉండే అవకాశం 255/256, అంటే 99.609 శాతం. ఎన్‌పీసీఆర్‌కి ఆదర్శ విలువ ఇదే. యూఏసీఐకి (పిక్సెల్ విలువలు సగటున ఎంత శాతం మారాయో చెప్పే కొలత) 33.46. ఈ రెండూ దాటితే గొప్ప అని కాదు, వీటి దగ్గర ఉంటే చాలు.

ఒక హెచ్చరిక. కొందరు చిత్రానికో కీ చొప్పున ఆప్టిమైజర్‌తో మళ్లీ ఎంచి, ఆ తర్వాత ఎన్‌పీసీఆర్ కొలుస్తారు. కీ మారితే సంకేత చిత్రం మొత్తం మారిపోతుంది కాబట్టి 99.6 వచ్చేస్తుంది. అది సైఫర్ (ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) గుణం కాదు. మీరు కీని కదపకుండా కొలిచారు, కొలవాల్సిన తీరు అదే.

గణితం_మాస్టారు

అమ్మా సాహితీ, నీ మ్యాప్ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇవి రివ్యూలో తప్పకుండా పనికొస్తాయి.

లాజిస్టిక్ మ్యాప్ అంటే, కొత్త విలువ = ఆర్ × పాత విలువ × (1 − పాత విలువ). జీవుల సంఖ్య ఏటేటా ఎలా మారుతుందో చెప్పే ఈ చిన్న సూత్రంలో ఎంత సంక్లిష్టత దాగి ఉందో రాబర్ట్ మే 1976లో రాసిన వ్యాసంతో లోకానికి బాగా తెలిసింది. ఆర్ సుమారు 3.57 దాటాక కేయాస్ మొదలవుతుంది. కానీ 3.57 నుంచి 4 దాకా అంతా కేయాసే అని రాయకు. 3.83 దగ్గర ఆర్ పెట్టి చూడు, మూడే మూడు విలువల మధ్య తిరుగుతూ ఉంటుంది. అలాంటి కిటికీలు లెక్కలేనన్ని ఉన్నాయి. కీ పొరపాటున ఆ కిటికీలో పడిందా, నీ కీస్ట్రీమ్ (పిక్సెళ్లతో ఎక్సార్ చేసే సంఖ్యల వరుస) మూడు సంఖ్యల జపం అయిపోతుంది.

ఆర్ 4 అయినా చిక్కులున్నాయి. ఆరంభ విలువ 0.75 అయితే అక్కడే కదలకుండా ఉంటుంది. 0.5 అయితే 1కి, అక్కణ్ణించి 0కి పోయి చచ్చిపోతుంది. 0.3తో మొదలుపెట్టినా 0.7తో మొదలుపెట్టినా రెండో విలువ నుంచి అంతా ఒకటే, ఎందుకంటే సూత్రంలో విలువనీ (1 − విలువ)నీ గుణిస్తున్నాం. కాబట్టి ఆరంభ విలువల్లో సగం కీలు మిగతా సగానికి నకళ్లు. కీ స్పేస్ (మొత్తం ఎన్ని కీలు సాధ్యమో) లెక్కించేటప్పుడు దశాంశ స్థానాలు గుణించి 10కి ఇంత ఘాతం అని రాసేవాళ్లు ఇవేవీ తీసేయరు.

ఇంకొకటి. ఈ మ్యాప్ విలువలు 0, 1 మధ్య సమంగా పరుచుకోవు. ఆర్ 4 దగ్గర 0.1 కంటే తక్కువ విలువలు సుమారు 20 శాతం, 0.9 కంటే ఎక్కువవి ఇంకో 20 శాతం. అంటే రెండు చివర్లలోనే 40 శాతం పోగుపడుతుంది. నువ్వు విలువని 255తో గుణించి పూర్ణాంకం తీస్తున్నావా? అయితే నలుపు వైపూ తెలుపు వైపూ మొగ్గు ఉంటుంది. నీ ఎంట్రోపీ 7.9971 వచ్చిందంటే వేరే దారిలో తీస్తున్నావనుకుంటున్నాను.

సాహితి_ఎంటెక్

ధన్యవాదాలు మాస్టారూ, వాసు గారూ. అవును, 255తో గుణించడం లేదు. విలువని 10 ఘాతం 14తో గుణించి, పూర్ణాంక భాగాన్ని 256తో భాగించి శేషం తీసుకుంటున్నాను. నకలు కీల సంగతి ఎక్కడా చదవలేదు. 0.3, 0.7 పెట్టి చూశాను, ఎక్సార్ భాగంలో రెండో పిక్సెల్ నుంచి దాదాపు ఒకటే వస్తోంది, కొంత దూరం పోయాక విడిపోతోంది. ఎందుకు విడిపోతోంది?

ఇంకో సందేహం. స్థానాలు మార్చడానికి లాజిస్టిక్ బదులు అర్నాల్డ్ క్యాట్ మ్యాప్ (చిత్రాన్ని సాగదీసి మడిచినట్టు పిక్సెళ్లని కలిపే సూత్రం) వాడమని ఒక సీనియర్ అన్నారు. మంచిదేనా?

గణితం_మాస్టారు

విడిపోవడానికి కారణం కంప్యూటర్ అంకగణితం. 0.3, 0.7 రెండూ యంత్రంలో కచ్చితంగా పట్టవు. భాను గారు ఈ విషయం బాగా చెప్పగలరు, ఆయనకే వదిలేస్తాను.

క్యాట్ మ్యాప్ చూడ్డానికి చాలా అందమైనది, క్లాసులో చూపించడానికి అంతకంటే మంచిది లేదు. సైఫర్‌లో మాత్రం జాగ్రత్త. 256×256 చిత్రానికి దాన్ని 192 సార్లు వరసగా వేస్తే అసలు చిత్రం చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. 512×512కి 384 సార్లు. పరామితులు లేని మామూలు రూపంలో కీ అంటే ఎన్నిసార్లు వేశామన్నదే, అంటే మొత్తం 192 కీలు. పైగా మూలలో ఉన్న మొదటి పిక్సెల్ ఎన్నిసార్లు వేసినా కదలదు.

క్రిప్టో_వాసు

స్థానాల మార్పు గురించి మాట వచ్చింది కాబట్టి దాడి చేసేవాడి వైపు నుంచి చూద్దాం. పేక ఎంత కలిపినా ముక్కలు అవే ఉంటాయి. స్థానాలు మార్చడం ఒక్కటే చేస్తే హిస్టోగ్రామ్ మారదు, అది అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, ఆ క్రమాన్ని మొత్తం రాబట్టడానికి రెండు చిత్రాలు చాలు.

దాడి చేసేవాడికి తనకి నచ్చిన చిత్రాన్ని మీ కీతో ఎన్‌క్రిప్ట్ చేయించుకునే అవకాశం ఉందనుకోండి. మొదటి చిత్రంలో ప్రతి పిక్సెల్‌కి దాని అడ్డవరుస సంఖ్యనే గ్రే విలువగా పెడతాడు. రెండో దాంట్లో నిలువు వరుస సంఖ్య. 256×256 కాబట్టి సంఖ్యలు 0 నుంచి 255 వరకే, సరిగ్గా సరిపోతాయి. సంకేత చిత్రాలు రెండూ పక్కన పెట్టి చూస్తే ఏ పిక్సెల్ ఎక్కణ్ణించి వచ్చిందో దాని మీదే రాసి ఉంటుంది. 512×512కి మూడు చిత్రాలు కావాలి, అంతే తేడా.

మీది ఎక్సార్ కూడా ఉన్న పద్ధతి కదా? ముందు పూర్తి నల్ల చిత్రం పంపుతాడు. అన్నీ సున్నాలే కాబట్టి ఎక్సార్ చేశాక బయటికి వచ్చేది నేరుగా మీ కీస్ట్రీమ్. దాన్ని తీసేసి, పైన చెప్పిన రెండు చిత్రాలు వేస్తాడు. మొత్తం మూడు చిత్రాలతో, మీ కీ ఒక్క అంకె కూడా తెలియకుండా, ఆ కీతో ఆ పరిమాణంలో ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతి చిత్రాన్నీ తెరిచేస్తాడు. ఎంట్రోపీ 7.9980 ఉన్నా, కీ స్పేస్ 2 ఘాతం 200 ఉన్నా ఈ దాడికి అడ్డు రావు. కేయాస్ పద్ధతులు పేపర్లలో విరిగిపోయిన కథలు చాలావరకు ఇలాంటివే.

ఆప్టిమ్_రవళి

నా పని ఆప్టిమైజేషన్‌లో, కాబట్టి తోడేళ్ల సంగతి నేను చెబుతాను.

ప్రకృతి నుంచి తెచ్చుకున్న పద్ధతులంటే నాకు గౌరవం. జాన్ హాలండ్ 1975 పుస్తకంతో జన్యు అల్గారిథంలు నిలదొక్కుకున్నాయి, 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ పార్టికల్ స్వార్మ్ తెచ్చారు, గ్రే వుల్ఫ్ 2014లో వచ్చింది. వాలు లెక్కించలేని చోట, సూత్రం తెలియని చోట, ఇవి నిజంగా దారి చూపిస్తాయి. కానీ అవన్నీ ఒక నమ్మకం మీద నడుస్తాయి: మంచి జవాబుకి దగ్గర్లో ఉన్నది కూడా కాస్తో కూస్తో మంచిదే అయి ఉండాలి. తోడేలు నాయకుడి వైపు అడుగు వేయడంలో అర్థం అదే.

ఇప్పుడు మీ కీల ప్రపంచం చూడండి. కీలో చివరి అంకె మారితే సంకేత చిత్రం పూర్తిగా మారాలి. అది మీరే కోరుకున్న గుణం, కేయాస్‌ని ఎంచుకున్నదే అందుకు. అంటే 7.9980 ఇచ్చిన కీ పక్కనున్న కీకి ఆ మంచితనం ఏమీ అంటదు. వాలు లేని నేల మీద తోడేళ్ల గుంపు చేసేది గుడ్డి వెతుకులాటే. ఒకవేళ తోడేలుకి నిజంగా దారి కనిపిస్తోందంటే ఇంకా పెద్ద ప్రమాదం. కీకీ సంకేత చిత్రానికీ మధ్య పట్టుకోదగ్గ సంబంధం ఉందన్నమాట, దాడి చేసేవాడూ అదే దారి పట్టుకుంటాడు.

పరీక్ష చేసి చూడండి. గ్రే వుల్ఫ్ తీసేసి, 3000 కీలు యాదృచ్ఛికంగా తీసి, వాటిలో ఎక్కువ ఎంట్రోపీ ఇచ్చినదాన్ని తీసుకోండి. 30 తోడేళ్లు 100 ఆవృత్తుల్లో చూసేదీ 3000 కీలే కదా.

క్రిప్టో_వాసు

రవళి గారి పరీక్షకి జవాబు ఎంత వస్తుందో ముందే లెక్క వేయొచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క.

256 విలువలు, 65,536 పిక్సెళ్లు. పూర్తిగా యాదృచ్ఛికమైన చిత్రానికి కూడా ఎంట్రోపీ 8 రాదు, ఎందుకంటే ప్రతి విలువా సరిగ్గా 256 సార్లు రావడం దాదాపు అసాధ్యం. సగటున 8 కంటే ఎంత తగ్గుతుందంటే, 255ని రెండు రెట్ల పిక్సెళ్ల సంఖ్యతోనూ 2 సహజ లాగరిథంతోనూ భాగించాలి. 0.0028 వస్తుంది. అంటే సగటు 7.9972. మామూలుగా అటూ ఇటూ ఊగేది (ప్రామాణిక విచలనం) 0.00025 మాత్రమే. ఆప్టిమైజర్ లేకుండా మీకు వచ్చిన 7.9971 యాదృచ్ఛిక చిత్రానికి రావాల్సిన విలువే. అలాంటివి 3000 తీసి అత్యుత్తమం ఎంచితే 7.9980 దగ్గర పడుతుంది.

కాబట్టి 7.9980ని మెరుగుదల అని రాయకండి. మీకు 256×256 చిత్రానికి 7.9995 అని ఎవరైనా చూపిస్తే, అది మంచి సైఫర్ కాదు, హిస్టోగ్రామ్‌ని బలవంతంగా చదును చేసిన సైఫర్. అసలైన యాదృచ్ఛికం నుంచి దాన్ని తేలిగ్గా వేరు చేయొచ్చు. 512×512 చిత్రానికి సహజ విలువ 7.9993, కాబట్టి పరిమాణం చూడకుండా రెండు పేపర్ల ఎంట్రోపీ పోల్చడం కూడా కుదరదు.

సాహితి_ఎంటెక్

పరీక్ష చేశాను. యాదృచ్ఛికంగా తీసిన 3000 కీలలో అత్యుత్తమం 7.9980. గ్రే వుల్ఫ్‌ని మళ్లీ నడిపితే 7.9979. గ్రాఫ్‌లో రెండింటి వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఇంకొకటి గమనించాను. ఒక్కో చిత్రానికి 3000 సార్లు ఎన్‌క్రిప్ట్ చేయాల్సి వస్తోంది, చివరికి వచ్చే కీ చిత్రానికో తీరు. అవతలి వాళ్లకి ప్రతిసారీ కొత్త కీ రహస్యంగా పంపాలి. అంత రహస్యమైన దారి ఉంటే...

క్రిప్టో_వాసు

ఆ వాక్యం రిపోర్ట్‌లో పూర్తి చేసి రాయండి: ఆ దారిలో చిత్రాన్నే పంపేయొచ్చు. గైడ్ గారి ప్రశ్నకి జవాబులో అది సగం.

ఫ్లోటింగ్_భాను

మాస్టారు నా పేరు ఎత్తారు. నేను చిన్న చిప్‌ల మీద కోడ్ రాస్తాను, ఈ రంగంలో జనం తక్కువగా మాట్లాడేది ఇదే.

మామూలు డబుల్ సంఖ్యకి (కంప్యూటర్ దశాంశాలు దాచే రూపం) 53 బిట్ల కచ్చితత్వం. ఆర్ 4 దగ్గర లాజిస్టిక్ మ్యాప్ ప్రతి అడుగులో సగటున తేడాని రెట్టింపు చేస్తుంది. కాబట్టి చివరి బిట్‌లో ఉన్న తేడా సుమారు 53 అడుగుల్లో మొత్తం విలువని మింగేస్తుంది. మీ 0.3, 0.7 విడిపోయింది అందుకే. ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ లెక్కలో 0.506127 బదులు 0.506 ఇచ్చినప్పుడు చూసింది కూడా ఇదే గుణం.

ఇప్పుడు దీని పర్యవసానం ఆలోచించండి. ఆర్ × విలువ × (1 − విలువ) అని ఒక చోట రాసి, ఆర్ × విలువ − ఆర్ × విలువ × విలువ అని ఇంకో చోట రాస్తే గణితంలో రెండూ ఒకటే, యంత్రంలో కాదు. గుండ్రం చేసే చోటు మారుతుంది. వంద అడుగులు పోయాక రెండు వరుసలకీ సంబంధమే ఉండదు. కంపైలర్ తనంతట తాను గుణకారం, కూడిక కలిపి ఒకే ఆదేశంగా మార్చినా ఇదే జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన చిత్రం ఫోన్‌లో తెరుచుకోదు. కీ సరైనదే, అల్గారిథం సరైనదే, అయినా ఇసుకే కనిపిస్తుంది.

రెండోది ఆవర్తనం. కేయాస్ ఎప్పటికీ పునరావృతం కాదన్నది నిజ సంఖ్యల మాట. యంత్రంలో ఉన్నవి పరిమితమైన విలువలు, ఎప్పుడో ఒకప్పుడు చక్రంలో పడాల్సిందే. యాదృచ్ఛిక ఫంక్షన్ లాంటిదనుకుంటే చక్రంలో పడేలోపు నడక పొడవు 2 ఘాతం 26 చుట్టుపక్కల, అంటే సుమారు 6.7 కోట్లు. 24 మెగాపిక్సెళ్ల రంగుల చిత్రానికి కావాల్సింది 7.2 కోట్ల విలువలు. కొన్ని ఆరంభ విలువలకి చక్రం అంతకంటే చాలా చిన్నది కూడా. రాబర్ట్ మాథ్యూస్ 1989లో కేయాస్ సైఫర్ ప్రతిపాదించిన ఏడాదే వీలర్ ఈ చిక్కుని ఎత్తి చూపాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని పట్టించుకోని పేపర్లు వస్తూనే ఉన్నాయి, ఇది నాకు బాధ కలిగించే విషయం.

నా సలహా ఒకటే: పూర్ణాంకాల్లో రాయండి. విలువని 64 బిట్ల పూర్ణాంకంగా పెట్టుకుని, ఎక్కడ కత్తిరిస్తున్నారో మీరే నిర్ణయించండి. అప్పుడు ఏ యంత్రంలోనైనా ఒకే వరుస వస్తుంది. చక్రాల గొడవ మాత్రం అలాగే ఉంటుంది, దానికి మధ్యమధ్యలో బయటి నుంచి చిన్న కదలిక ఇస్తూ ఉండాలి.

కేయాస్_మిత్ర

నాకు కొంచెం వేరే మాట చెప్పాలనుంది. చర్చ చదివితే కేయాస్‌లో ఏమీ లేదన్న అభిప్రాయం కలుగుతోంది, అది అన్యాయం.

స్వల్ప మార్పుకి విపరీత స్పందన, పిండిని సాగదీసి మడిచినట్టు ప్రదేశాన్ని కలిపేయడం, ఇవి షానన్ కోరిన గుణాలే. జెస్సికా ఫ్రిడ్రిక్ 1998లో ఇచ్చిన నిర్మాణంలో రెండు మితుల మ్యాప్‌లతో స్థానాలు మార్చడం, ఆ తర్వాత విలువల్ని గొలుసుగా కలపడం, ఈ రెండూ పదేపదే చేయడం ఉంది. అది ఇప్పటికీ చదవాల్సిన ఆలోచన. సాహితి గారి పద్ధతిలో లోపించినవి గొలుసూ, పదేపదే చేయడమూ. దానికి కేయాస్‌ని తప్పుపట్టడం ఎందుకు?

ఇంకా, భాను గారు చెప్పిన పరిమిత కచ్చితత్వం కంప్యూటర్‌లో అనుకరించే కేయాస్‌కి వర్తిస్తుంది. భౌతిక కేయాస్ వేరు. 2008లో జపాన్ పరిశోధకులు సెమీకండక్టర్ లేజర్ల కేయాస్ నుంచి సెకనుకి 1.7 గిగాబిట్ల యాదృచ్ఛిక బిట్లు తీశారు. కీలు తయారు చేయడానికి అలాంటి మూలం అద్భుతం.

క్రిప్టో_వాసు

మిత్ర గారూ, లేజర్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అక్కడ ఆ వరుసని అవతలి వైపు మళ్లీ పుట్టించాల్సిన పని లేదు, అందుకే కచ్చితత్వం గొడవ లేదు. ఫ్రిడ్రిక్ నిర్మాణం గురించి కూడా ఒప్పుకుంటాను, ఆ ఆకృతి సవ్యమైనది.

నాకు ఒప్పుదల కానిది "కేయాస్ ఉంది కాబట్టి భద్రం" అనే దూకుడు. కేయాస్ అంటే దీర్ఘకాలంలో ఊహించలేకపోవడం. క్రిప్టోగ్రఫీకి కావాల్సింది, కొన్ని విలువలు చూసిన శత్రువు తర్వాతి బిట్‌ని అంచనా వేయలేకపోవడం. లాజిస్టిక్ మ్యాప్ ఒక విలువ పూర్తిగా బయటపడితే తర్వాతిది ఒక్క గుణకారం దూరంలో ఉంటుంది. రెండూ ఒకటి కావు.

స్కాన్_శ్రీధర్

వైద్య చిత్రాల నిల్వ వ్యవస్థల్లో పనిచేస్తాను. ఏఈఎస్ అంటే అందరూ వాడే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతి. కొత్తగా వచ్చేవాళ్లు "చిత్రాలకి ఏఈఎస్ పనికిరాదు, చాలా నెమ్మది" అని రాస్తారు. అది నిజం కాదు. ఇప్పటి ప్రాసెసర్లలో ఏఈఎస్‌కి ప్రత్యేక ఆదేశాలే ఉన్నాయి, స్కాన్ ఫైల్ ఎన్‌క్రిప్ట్ చేయడం కంటే డిస్క్ నుంచి చదవడమే ఎక్కువసేపు పడుతుంది.

ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసినా పెంగ్విన్ బొమ్మ ఆకారం కనిపించే ప్రసిద్ధ చిత్రం మీరంతా చూసే ఉంటారు. అది ఈసీబీ (ప్రతి బ్లాకునీ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసే) పద్ధతి లోపం. ఒకే రకం బ్లాకులకి ఒకే సంకేతం రావడం వల్ల అలా అయ్యింది. కౌంటర్ పద్ధతిలో (ప్రతి బ్లాకుకీ మారే లెక్కింపు సంఖ్య కలుపుతూ) వాడితే ఏ ఆకారమూ మిగలదు. దాన్ని చూపించి ఏఈఎస్ చిత్రాలకి సరిపోదని వాదించకండి.

చిత్రాలకి ప్రత్యేక పద్ధతి నిజంగా కావాల్సిన సందర్భాలు ఉన్నాయి. ఫైల్ ఫార్మాట్ చెడకుండా ముఖం మాత్రమే దాచాలి, చిన్న నమూనా కనిపించాలి కానీ పూర్తి చిత్రం కనిపించకూడదు, ఎన్‌క్రిప్ట్ చేసిన చిత్రాన్ని మధ్యలో ఎవరో జేపెగ్‌లో మళ్లీ కుదించినా తెరుచుకోవాలి. మీ ఇప్పటి పద్ధతిలో సంకేత చిత్రాన్ని ఒకసారి జేపెగ్‌లో సేవ్ చేసి తెరవండి, ఏమవుతుందో చూడండి. ప్రాజెక్ట్‌కి ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుంటే దానికి ప్రయోజనం ఉంటుంది.

ఆప్టిమ్_రవళి

తోడేళ్లకీ పని చూపిద్దాం. రెండు చోట్ల వాటికి నిజమైన పని ఉంది.

ఒకటి, ఎస్-బాక్స్ (ఒక విలువ బదులు ఇంకో విలువ పెట్టే పట్టిక) రూపకల్పన. అది ఒకసారి చేసి బహిరంగంగా పెట్టేది, కీతో సంబంధం లేదు. నాన్‌లీనియారిటీ (సరళ సూత్రాలకి ఎంత దూరమో), డిఫరెన్షియల్ గుణాలు (లోపలి తేడా బయట ఎలా కనిపిస్తుందో) లక్ష్యంగా వెతకొచ్చు, అక్కడ నేలకి వాలు ఉంటుంది. ఏఈఎస్ ఎస్-బాక్స్ నాన్‌లీనియారిటీ 112. సున్నా నుంచి వెతుకుతూ అంత దాకా చేరడం చాలా కష్టం, కానీ ఆ ప్రయత్నం నిజాయితీగా కొలవగలిగేది.

రెండోది, నాకు ఇంకా ఇష్టమైనది, దాడి. చిత్రాన్ని చిన్న బ్లాకులుగా కోసి స్థానాలు మార్చే పద్ధతులు ఉన్నాయి కదా, అవి జిగ్సా పజిల్ లాంటివే. బ్లాకుల అంచుల రంగులు ఎంత కలుస్తున్నాయన్నది ఫిట్‌నెస్. 2013లో జన్యు అల్గారిథంతో ఇరవై వేలకి పైగా ముక్కల పజిల్‌ని తిరిగి పేర్చారు. సాహితి గారు, మీ గ్రే వుల్ఫ్ కోడ్‌ని ఎన్‌క్రిప్షన్ వైపు నుంచి తీసి దాడి వైపు పెట్టండి. రాసిన కోడ్ వృథా కాదు.

సాహితి_ఎంటెక్

రవళి గారు, ఈ ఆలోచన చాలా నచ్చింది. గైడ్ గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రాజెక్ట్ ఇలా మారుతోంది: మొదటి భాగంలో పాత పద్ధతి, వాసు గారు చెప్పిన మూడు చిత్రాల దాడి నిజంగా చేసి చూపించడం, 3000 కీల పోలిక. రెండో భాగంలో పూర్ణాంకాల్లో రాసిన మ్యాప్, గొలుసు, రెండు వైపులా నడక. మూడో భాగంలో బ్లాక్ స్థానాలు మార్చే పద్ధతి మీద తోడేళ్ల దాడి.

మూడు చిత్రాల దాడి ఇప్పటికే రాశాను. నా చిత్రం పూర్తిగా తిరిగొచ్చింది, ఒక్క పిక్సెల్ కూడా తేడా లేదు.

ఒక్క సందేహం మిగిలింది. గొలుసు పెట్టాక కూడా ఒకే కీతో ఒకే చిత్రాన్ని రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే ఒకే సంకేత చిత్రం వస్తోంది. కొన్ని పేపర్లలో అసలు చిత్రం షా-256 హాష్‌ని (చిత్రం నుంచి లెక్కించే 256 బిట్ల వేలిముద్ర లాంటిది) కీలో కలుపుతున్నారు. అలా చేయాలా?

క్రిప్టో_వాసు

హాష్‌ని కీలో కలిపితే మళ్లీ పాత గొడవే, చిత్రానికో కీ పంపాలి. అదే చిత్రం మళ్లీ పంపితే సంకేతమూ మళ్లీ అదే వస్తుంది.

నాన్స్ (ఒక్కసారే వాడే సంఖ్య) వాడండి. ప్రతి చిత్రానికీ కొత్తగా 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకోండి. రహస్య కీనీ ఈ నాన్స్‌నీ హెచ్‌మ్యాక్‌లో (కీ కలిపి వేసే హాష్) పెట్టి, బయటికి వచ్చిన బిట్ల నుంచి మ్యాప్‌ల ఆరంభ విలువలు తీయండి. నాన్స్ రహస్యం కాదు, సంకేత చిత్రం ముందు తెరిచి పెట్టి పంపొచ్చు. రహస్య కీ ఒకటే ఉంటుంది, ఒకసారి ఇచ్చిపుచ్చుకుంటే చాలు. నల్ల చిత్రం పంపినవాడికి ఆ ఒక్కసారి వాడిన కీస్ట్రీమ్ తప్ప ఇంకేమీ దొరకదు, తర్వాతి చిత్రానికి అది పనికిరాదు.

ఎవరైనా మధ్యలో పిక్సెళ్లు మార్చారేమో పట్టుకోవడానికి, మొత్తం సంకేత చిత్రం మీదా నాన్స్ మీదా వేరే కీతో ఇంకో హెచ్‌మ్యాక్ వేసి చివర జోడించండి. తెరిచేటప్పుడు ముందు దాన్ని సరిచూడండి, కలవకపోతే డీక్రిప్ట్ చేయకుండా ఆపేయండి. కోడ్ పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, భాను గారు తన చిప్ మీదా నేను నా యంత్రం మీదా నడిపి రెండు చోట్లా ఒకే బైట్లు వస్తున్నాయో లేదో చూస్తాం.